మూడు పాయింట్ ఒకటి

తెల్లారి ఐదుంబావు.
కొలమాసనపల్లి పాలకేంద్రంలో ఇంకా ట్యూబులైటే వెలుతురు.
మునెమ్మ సత్తుక్యాను నా ముందు పెట్టి
మిషన్ వైపు చూడదు, నా మొహం చూస్తుంది.
అంకె ముందు నా కనుబొమల్లో పడుతుందని ఆమె నమ్మకం.

మూడు పాయింట్ ఒకటి.

"నీళ్లు కలపలేదు మే, గంగమ్మ తోడు.
పోయిన వారం నాలుగుండె. కొవ్వు యాడికి పోయినట్టు?"

యాడికి పోయిందో తెలీదు గానీ
యాడినుంచి వస్తుందో నాకు కొంచెం తెలుసు.
తిరుపతిలో రెండేళ్లు చదివింది అదే.

దొరస్వామి సారు బోర్డు మీద
ఒక తల, రెండు తోకలు గీసేవాడు.
తలకు నీళ్లంటే ప్రాణం. తోకలకు నీళ్లంటే గిట్టదు.
అట్లాంటివి కోట్లకొద్దీ రెండు వరసల్లో నిలబడి
తోకలకు తోకలు ఆనించుకుంటే
అదే కణం చుట్టూ పొర.
పక్కదానితో చోటు మార్చుకోవడం రెప్పపాటు పని.
అవతలి వరసకు పోవాలంటేనే చిక్కు:
తడి ఆరని తలతో
నడుమనున్న నూనెలో దూరాలి.
ఒంటరిగా అయితే గంటలు, ఒక్కోసారి రోజులు.

"బస్టాండులో చూసుంటారు," అనేవాడు సారు,
"పలమనేరు బస్సు కిక్కిరిసి ఉంటే
పిల్లోణ్ణి కిటికీలోంచి అందిస్తారు,
లోపల ఎవరో చంకల్లో చేతులేసి లాక్కుంటారు.
ఆ లోపలి చేతులే ఫ్లిప్పేజ్.
ఊరికే లాగదు. పిల్లోడికొక ఏటీపీ, టికెట్టు."
పరీక్షలో నేను అదే రాస్తే
ఆయనే మార్కులు తగ్గించాడు.

కొన్ని తలలు లోపలి వరసలోనే ఉండాలట.
జారి బయటికొస్తే మళ్లీ లాగాలి,
బతికినన్నాళ్లూ లాగుతూనే ఉండాలి.
లాగే చేతులు ఆగిన రోజు
అవి గడప బయట నిలబడి కనిపిస్తాయి,
వాటిని చూసి, తినే కణాలు వస్తాయి.
ఆ రోజు సారు సుద్దముక్క కింద పెట్టి
కాసేపు ఏమీ చెప్పలేదు.

ఆవు పొదుగులో కొవ్వు దాటే తీరు వేరు.
రెండు వరసల సందులో చుక్కగా పుట్టి,
ఉబ్బి, తెగి, కణం అంచుకు తోసుకొచ్చి
గోడను చించదు.
గోడనే కప్పుకుని బయటపడుతుంది,
వచ్చిన చుట్టం పోతా పోతా
మనింటి దుప్పటి కప్పుకుని పోయినట్టు.
కణం ఏమీ అనదు. మళ్లీ నేసుకుంటుంది.
ఈ సత్తుక్యానులో తెల్లగా ఊగుతున్నదాంట్లో
ఆవు ఒంటిమీది గుడ్డలు ఎన్నున్నాయో!

"మేత ఏం వేస్తాండావక్కా?"

"మేతా! రాగిగడ్డి వామి ఏనుగులు తొక్కి పోయినాయి కదమ్మే.
సోలారు కంచె మీదికి చెట్టు పడదోసి
దాని మింద నడిచొచ్చినాయంట, మనుషుల మాదిరి.
ఫారెస్టోళ్లు ఫోటో తీసుకున్నారు.
టమోటా తోటలో పెరికిన పచ్చికలుపు, ఇంత దాణా. అంతే."

ఎండుగడ్డి కడుపులో మెల్లగా పులిస్తేనే
పాలకు వెన్న వస్తుంది.
అడవి అంచున ఒక తీగ తెగితే
నా మిషన్లో తొమ్మిది పాయింట్లు పడిపోయాయి.

స్లిప్పు చించి ఇచ్చాను.
లీటరుకు నాలుగు రూపాయలు తక్కువ.
"ఎండుగడ్డి వెయ్యక్కా, ఎక్కుతుంది" అన్నాను,
సారు గొంతు పెట్టి.
"గడ్డి నువ్వు ఇస్తావా?"
కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

టెస్టుకు తీసి మిగిలిన పాలు
ఆమె క్యానులోనే తిరిగి పోశాను. రూల్సులో లేదు.
ఆమె చూసింది, చూడనట్టు తలపాగా చుట్ట సర్దుకుని
చీకట్లోకి నడిచింది.

వేళ్లు చన్నీళ్లలో ముంచాను.
నీళ్లు జారిపోయాయి, జిడ్డు ఉండిపోయింది.
రెడ్డెప్ప క్యాను అప్పటికే బల్ల మీద ఉంది,
అతను నా కనుబొమలు చూస్తున్నాడు.